పావుగంట పాట, పావుగంట నిశ్శబ్దం

దుకాణాల్లో, లిఫ్టుల్లో, ఆసుపత్రి వరండాల్లో ఎవరూ అడక్కుండానే మోగే సంగీతం వెనక దాదాపు వందేళ్ల వ్యాపారం ఉంది. అందులో పేరుమోసిన తొలి కంపెనీ పాటతో పాటు నిశ్శబ్దాన్ని కూడా లెక్కగట్టి అమ్మింది. ఆ రెండో సగం ఎలా మాయమైందో చూస్తే ఇప్పటి రొద ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

అమెరికా సైన్యంలో సిగ్నల్ విభాగం అధికారి జార్జ్ ఓవెన్ స్క్వయర్, ఒకే టెలిఫోన్ తీగ మీద ఒకేసారి అనేక సంకేతాలు పంపే పద్ధతిని 1910 ప్రాంతంలో రూపొందించాడు. 1922లో దాని ఆధారంగా 'వైర్డ్ రేడియో' అనే కంపెనీ పుట్టింది. తీగల మీద ఇళ్లకు సంగీతం ఇవ్వాలన్నది అసలు ఆలోచన. ఈలోగా మామూలు రేడియో ఇంటింటికీ వచ్చేయడంతో కంపెనీ హోటళ్లు, రెస్టారెంట్లు, ఆ తర్వాత ఫ్యాక్టరీల వైపు మళ్లింది. 1934లో పేరు 'మ్యూజాక్' అయింది: 'మ్యూజిక్'కి 'కొడాక్' తోక తగిలించారు.

1940ల్లో ఈ కంపెనీ తెచ్చిన పద్ధతి పేరు 'స్టిములస్ ప్రోగ్రెషన్'. ప్రతి బాణీకీ వేగాన్ని, లయను, వాద్యాలను బట్టి ఒక అంకె వేసేవారు. పావుగంటలో తక్కువ అంకె నుంచి ఎక్కువ అంకెకు చేరేలా బాణీలు పేర్చేవారు. గొంతు ఉండేది కాదు, మాటలు వినబడితే ధ్యాస అటు పోతుంది కనుక. ఆ పావుగంట అయ్యాక మరో పావుగంట ఏమీ ఉండదు. ఆపకుండా వినిపిస్తే చెవి అలసిపోతుందనీ, పాట పనిచేయడం మానేస్తుందనీ వాళ్లకు తెలుసు. రోజంతా అక్కడే ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క అది.

పట్టించుకోనక్కర్లేని సంగీతం అన్న ఊహ అంతకుముందే ఉంది. 1920లో పారిస్‌లో ఫ్రెంచి సంగీతకర్త ఎరిక్ సతీ తన 'ఫర్నిచర్ సంగీతం' వినిపిస్తే, జనం మాటలు ఆపి శ్రద్ధగా వినసాగారు. మాట్లాడండి, అటూ ఇటూ తిరగండి అని ఆయనే బతిమాలాల్సి వచ్చింది. పాట మొదలైతే చెవి అటే పోతుంది, కావాలనుకున్నా వద్దనుకున్నా.

తప్పించుకోలేని చోట పెడితే? వాషింగ్టన్ ట్రాముల్లో, బస్సుల్లో స్పీకర్లు పెట్టారు. వినిపించేదాంట్లో 90 శాతం సంగీతం, మిగతాది ప్రకటనలు. ఇద్దరు ప్రయాణికులు కోర్టుకెక్కారు. 1952లో అమెరికా సుప్రీంకోర్టు స్పీకర్లు ఉండొచ్చని తీర్పునిచ్చింది. న్యాయమూర్తి డగ్లస్ విభేదించాడు: ట్రాము ఎక్కినవాడు అవసరం కొద్దీ ఎక్కాడు, ఇష్టపడి శ్రోత కాలేదు అన్నాడు. మరో న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ అసలు విచారణ నుంచే తప్పుకున్నాడు, తానూ ఆ మోతకు బాధితుణ్ణేనని. 1969లో యునెస్కోకు అనుబంధమైన అంతర్జాతీయ సంగీత మండలి, నిశ్శబ్దం ప్రతి ఒక్కరి హక్కు అని ఏకగ్రీవంగా తీర్మానించింది. అన్నది సంగీతకారులే అని గమనించాలి.

లెక్క మారింది కొనుగోలుదారు దగ్గర. 1982లో వెలువడ్డ, మార్కెటింగ్ పరిశోధకుడు రొనాల్డ్ మిల్లిమన్ ఒక సూపర్‌మార్కెట్‌లో చేసిన ప్రయోగంలో, వేగం పాటలప్పటి కంటే నెమ్మది పాటలప్పుడు అమ్మకాలు సుమారు 38 శాతం ఎక్కువ నమోదయ్యాయి. జనం మెల్లగా నడిచారు. వచ్చినవాడు కాసేపుండి పోతాడు కదా, మరి పావుగంట ఖాళీ ఎందుకు? పైగా వాద్యాల స్థానంలో అసలు గాయకుల పాటలే వచ్చాయి. కౌంటర్లో ఎనిమిది గంటలు నిలబడేవాళ్లు లెక్కలోంచి జారిపోయారు.

దీనివల్ల ఏం చెడుతుందో అంకెల్లోనే చూడొచ్చు. మీటరు దూరంలో మామూలు మాట సుమారు 50 డెసిబెల్స్. పూర్తిగా అర్థం కావాలంటే మాట చుట్టూ ఉన్న చప్పుడు కంటే 15 డెసిబెల్స్ పైన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు చెబుతాయి. అంటే వెనక చప్పుడు 35 దాటకూడదు. పాటే 60 ఉంటే మాట 75కి చేరాలి, అది దాదాపు అరిచినట్టే. రొదలో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లోనే ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ చూపాడు. జనం గొంతు పెంచుతారు, పాట వినబడట్లేదని సిబ్బంది వాల్యూమ్ పెంచుతారు, మళ్లీ జనం. చప్పుడును కొలిచి వాల్యూమ్ తనంతట తనే పెంచుకునే పరికరం పెడితే ఈ పోటీ ఇంకా త్వరగా ముదురుతుంది.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి ఇది మరీ నరకం. ఎదుటి మనిషి మాటనీ, పైకప్పు స్పీకర్‌నీ దాని మైకు కలిపే పెంచుతుంది. వీరి కోసం కౌంటర్ దగ్గర ఇండక్షన్ లూప్ (మాటను నేరుగా వినికిడి యంత్రానికి అందించే తీగ చుట్ట) అమర్చి, అందులోకి కౌంటర్ మైకుతో పాటు పాటను కూడా కలిపేస్తే, లూప్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. లూప్‌లోకి మైకు ఒక్కటే వెళ్లాలి.

స్పీకర్ల దగ్గర సాధారణంగా జరిగే పొరపాటు, తక్కువ స్పీకర్లు పెట్టి మూలమూలకూ వినబడేంత వాల్యూమ్ పెంచడం. దాంతో స్పీకర్ కింద నిలబడ్డవాడి పని అయిపోతుంది. దుకాణాల్లో ఒకే లైన్ మీద అనేకం తగిలించే 100 వోల్టుల స్పీకర్‌కి ట్రాన్స్‌ఫార్మర్ మీద 6, 3, 1.5 వాట్ల వంటి ట్యాపులు, అంటే ఆ స్పీకర్ ఎంత శక్తి తీసుకోవాలో ఎంచుకునే మెట్లు, ఉంటాయి. ఒక మెట్టు దించితే 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎక్కువ స్పీకర్లు, తక్కువ ట్యాపు, కౌంటర్‌కీ వేచి ఉండే చోటుకీ విడి జోన్ (వేరుగా వాల్యూమ్ మార్చగల భాగం): ఇంతే కావాల్సింది. కౌంటర్ జోన్ ఆపేసి ఉంచవచ్చు.

'మ్యూజాక్' పేరు 2013లో కనుమరుగైంది. ఇప్పుడు పాటలు ఇంటర్నెట్ మీద, ప్లేలిస్టుల్లో, తెరిచినప్పటి నుంచి మూసేదాకా. ఆ ప్లేలిస్టులో ప్రతి నాలుగైదు పాటలకూ ఒక పదిహేను నిమిషాల ఖాళీ ఫైలు చేర్చడానికి ఒక్క మనిషి, కొద్ది నిమిషాలు చాలు.