ముందు చీటీ, తర్వాత మాట

మైపాడు వైపు రొయ్యల చెరువులున్న ఒక కంపెనీలో నేను కొన్నాళ్లు లెక్కలు చూశాను. ఒక ఏడాది వానల్లో వరుసగా మబ్బులు పట్టి, తెల్లవారుజామున రొయ్యలు నీటి పైకి తేలడం మొదలైంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతోందన్నమాట. దాన్నే అక్కడ డీవో అంటారు. అందరికీ టెన్షన్. పొద్దున్నే మీటింగ్ పెట్టారు. యజమాని కూర్చుంటూనే, "చెరువుకి ఇంకో రెండు ఏరేటర్లు వేద్దాం, ఏమంటారు?" అన్నారు. ఏరేటరంటే నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రం. అందరం సరేనన్నాం. పది నిమిషాల్లో లేచిపోయాం.

ఏరేటర్లు వచ్చాయి, కరెంటు బిల్లు పెరిగింది, రొయ్యలు తేలడం మాత్రం పూర్తిగా ఆగలేదు. వారం తర్వాత, రాత్రి కట్ట మీద కాపలా ఉండే పెద్దాయన నాతో అన్నాడు: "సాయంత్రం వేసిన మేత తెల్లారిందాకా ట్రేలో అట్టనే ఉండాది అబ్బయ్యా." ఆ రోజు మీటింగ్‌లో ఆయన కూడా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అప్పుడే చెప్పొచ్చు గదా అంటే, "ఓనరు ఒక మాట అనేసినాక నేనేం చెప్పేది?" అన్నాడు.

మేత గురించి ఆయన చెప్పింది సరైన మాట. చెరువులోని నాచు పగలు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే పొద్దు పొడవబోయే ముందు డీవో బాగా తక్కువగా ఉంటుంది. మబ్బు రోజుల్లో పగటి తయారీ కూడా తగ్గుతుంది. దానికి తోడు, తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లుతుంటే ఆ కుళ్లడానికీ ఆక్సిజనే ఖర్చవుతుంది. ఏరేటర్లు అవసరమే. కానీ మేత తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. మీటింగ్‌లో కూర్చున్న మాకు ఒక్కరికీ అది తట్టలేదు.

ఎందుకు తట్టదో 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పిల్లలు ఆడుకునే లెగో ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన చిన్న కట్టడం, దాని కప్పుకి ఒక మూల ఒకే ఒక్క ఇటుక ఆధారం. బరువు పెడితే కూలకుండా బాగుచేయమన్నారు. ఇటుక చేర్చితే డబ్బు పోతుంది. ఆ ఒక్క ఇటుకా తీసేస్తే కప్పు కింది అంతస్తు మీద గట్టిగా కూర్చుంటుంది, ఖర్చూ ఉండదు. అయినా తీసేసినవాళ్లు 41 శాతమే. "తీసేయడం ఉచితం" అని ఒక్క మాట గుర్తుచేస్తే ఆ సంఖ్య 61 శాతానికి పెరిగింది. మనసు ముందు చేర్చడం వైపే పోతుంది. కాబట్టి ఏ సమస్య మీద కూర్చున్నా "ఇందులో ఏం తీసేయొచ్చు?" అని నోరు తెరిచి అడగాలి.

రెండో అడ్డంకి మీటింగే. కొత్త ఆలోచనలు కావాలంటే అందరూ కలిసి కూర్చుని తోచింది చెప్పాలన్నది అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్బోర్న్ ప్రచారం చేసిన పద్ధతి, బ్రెయిన్‌స్టార్మింగ్. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1958లో దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చున్నప్పుడు వచ్చిన ఆలోచనల కన్నా, నలుగురు విడివిడిగా ఆలోచించినవి కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు ముఖ్యమైన కారణం పట్టుకున్నారు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆ ఆగడంలో తోచింది మరిచిపోతాం, లేదా ఇది చెప్పేంత గొప్పది కాదులే అని మింగేస్తాం. మన దగ్గర దీనికి పెద్దరికం కూడా తోడవుతుంది. పెద్దాయన మాట దాటి చిన్నవాడు మాట్లాడితే ఎదురు చెప్పినట్టే లెక్క. దాన్ని నేను మర్యాద అనుకోను. అది కంపెనీకి నష్టం.

మందు చాలా చిన్నది. నోరు విప్పే ముందు అందరూ చీటీ మీద రాయాలి. జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ 1968లో ఇదే పనికి ఒక లెక్క పెట్టాడు: ఆరుగురు, తలా మూడు ఆలోచనలు, ఐదు నిమిషాలు. తర్వాత కాగితం పక్కవాళ్లకి ఇచ్చి, అవతలివాళ్లది చదివి మళ్లీ మూడు రాయడం. అరగంటలో 108 ఆలోచనలు. అన్నీ పనికిరావు. అయినా ఎవరి మాట ముందన్న గొడవ ఉండదు.

మా యజమాని ఇది మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత తన చీటీ చివరన చదివేవారు. చిక్కల్లా ఒక్కటే, కాపలా పెద్దాయనకి రాయడం రాదు. అందుకని మేత వేసే కుర్రాడు ముందురోజు సాయంత్రమే కట్ట మీదికి వెళ్లి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని వచ్చేవాడు.