కబడ్డీ అంపైర్ కళ్లు ఎక్కడుండాలి? అపోహలు - వాస్తవాలు

పరకాల, ములుగు, నర్సంపేట వైపు పండుగ టోర్నీల్లో లొల్లి ఎక్కువగా బోనస్ (బోనస్ గీత దాటి కాలు పెడితే వచ్చే అదనపు పాయింటు) దగ్గరే మొదలైతది. అంపైరింగ్ గురించి ఆటగాళ్లు, కొత్త అంపైర్లు అనుకునే మాటలు కొన్ని:

అపోహ: మంచి అంపైర్ కంటికి అన్నీ కనిపిస్తాయి.
వాస్తవం: కనిపించవు. అన్నీ చూడబోయినవాడే ఎక్కువ తప్పులిస్తాడు. కూత మొదలయ్యాక కళ్లు రైడర్ (కూతకు వెళ్లినవాడు) పాదాల మీద, చెవి కూత మీద ఉండాలి. (డీజే బాక్సులు ఆపించకుండా ఆట మొదలుపెట్టొద్దు.) చేతుల ఊపు డిఫెండర్‌ని ఏమార్చడానికి, దాన్నే చూస్తే అంపైరూ ఏమారుతాడు. బోనస్ గీత అవతల ఒక కాలు పడినప్పుడు వెనక కాలు గాలిలో ఉండాలి. మడమ లేచి, బొటనవేలు ఇంకా మట్టికి ఆని ఉంటే బోనస్ కాదు. మధ్యగీత దగ్గర నిలబడి ఏటవాలుగా చూస్తే ఆ వేలు కనబడదు. అందుకే రైడర్ లోపలికి పోతుంటే అంపైర్ కూడా లాబీ (కోర్టు పక్కనుండే పట్టీ) బయట రెండు మూడు అడుగులు జరగాలి. పట్టు పడగానే వెంటనే మధ్యగీతకు తిరిగి రావాలి. రైడర్ చేయి మధ్యగీతకు అందిందో లేదో దానికి సూటిగా నిలబడితేనే తేలుతుంది.

అపోహ: కాలు సరిగ్గా పడితే బోనస్ ఇవ్వాల్సిందే.
వాస్తవం: ఎదుటి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉంటేనే. కోర్టులో ముగ్గురు, అంతకన్నా తక్కువమందే ఉండి రైడర్‌ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్, అంటే వాళ్లకు ఒక అదనపు పాయింటు. కాబట్టి ప్రతి కూతకు ముందే తలలు లెక్కపెట్టాలి; కుప్పపడ్డాక లెక్క అందదు.

అపోహ: తీర్పుకు క్షణం ఆగితే అంపైర్‌కు తెలియనట్టే.
వాస్తవం: ఆ క్షణంలో అవతలి అంపైర్ ముఖం, చివరిగీత దగ్గరి సహాయక స్కోరర్ సైగ చూసుకోవాలి. ఇద్దరు అంపైర్లకు పొసగకపోతే రెఫరీ తేలుస్తాడు.

అపోహ: ఒక తప్పు తీర్పును అవతలివాళ్లకు ఒకటిచ్చి సరిచేయొచ్చు.
వాస్తవం: అప్పుడు తప్పులు రెండైతయి.

అపోహ: గీతలు నిర్వాహకుల పని.
వాస్తవం: టేపు పట్టుకుని అంపైరే కొలవాలి. మధ్యగీత నుంచి బాక్ లైన్ (రైడర్ దాటాల్సిన గీత) మగవాళ్లకు 3.75 మీటర్లు, ఆడవాళ్లకు 3. బోనస్ గీత ఆ పైన మరో మీటరు. ఒకే గ్రౌండ్‌లో మగవాళ్లవి, ఆడవాళ్లవి రెండు మ్యాచ్‌లుంటే పాత గీత చెరపకుండా కొత్తది గీస్తారు, అక్కడే అందరూ తికమకపడేది. పచ్చి సున్నం వద్దు, డైవ్ కొట్టినోడి కళ్లలో పడుతుంది, ముగ్గుపిండి చాలు. నల్లరేగడి మీద అది తొందరగా చెదిరిపోతుంది, హాఫ్‌టైమ్ 5 నిమిషాల్లో మళ్లీ పోయించాకే రెండో సగానికి విజిల్ వేయాలి.