పది మీటర్ల దగ్గరే స్విచ్ ఎందుకు కాలుతుంది

హామ్‌లు, అంటే సరదాకి రేడియో స్టేషన్ నడిపేవాళ్లు, సిగ్నల్ బలం పెంచుకోవడానికి వాడే పాత లీనియర్ యాంప్లిఫయర్ ఒకటి నా చేతికొచ్చింది. అందులో రెండు 3-500జెడ్ ట్యూబులు. మూత తీస్తే, ఫ్రీక్వెన్సీ బ్యాండ్ మార్చే సిరామిక్ స్విచ్‌లో 80 మీటర్ల (3.5 మెగాహెర్ట్జ్) బ్యాండ్ కాంటాక్ట్ మీద వెండి పూత మెరుస్తోంది. 10 మీటర్ల (28 మెగాహెర్ట్జ్) కాంటాక్ట్ మాత్రం నల్లబడి, అంచు కరిగి ఉంది. స్విచ్ నాసిరకం అనుకుని కొత్తది వేశాను. అదీ సరిగ్గా అక్కడే కాలింది. తప్పు స్విచ్‌ది కాదు, దాని వెనక ఉన్న ట్యాంక్ సర్క్యూట్ లెక్కది. ఆ లెక్కకు పెద్ద చరిత్రే ఉంది.

ట్యూబు కరెంటును ఎడతెగకుండా ఇవ్వదు, దెబ్బలు దెబ్బలుగా ఇస్తుంది. ఉయ్యాలను ఒక్కసారి తోస్తే మిగతా ఊపు అదే పూర్తిచేసుకున్నట్టు, ట్యాంక్‌లోని కాయిల్, కెపాసిటర్ శక్తిని నిల్వ చేసుకుని తరంగాన్ని పూర్తిచేస్తాయి. ట్యూబు అవుట్‌పుట్ కొస అయిన ప్లేటు దగ్గరి వేల ఓమ్‌లను యాంటెన్నా దగ్గరి 50 ఓమ్‌లకు దించే పని కూడా వాటిదే.

1920ల నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా హామ్‌లు ఎక్కువగా వాడింది ఒక కాయిల్, దానికి సమాంతరంగా ఒక వేరియబుల్ కెపాసిటర్, పక్కనే యాంటెన్నాకు శక్తి అందించే రెండు మూడు చుట్ల లింక్ కాయిల్. బ్యాండ్ మారాలంటే కాయిల్‌ను పీకి ఇంకోటి గుచ్చాలి. చాలా సెట్లలో ప్లేటు వోల్టేజీ ఆ కాయిల్ గుండానే వెళ్లేది. పవర్ తీయడం మరిచి కాయిల్ మీద చెయ్యి వేస్తే ప్రాణం పోయినట్టే.

పై-నెట్‌వర్క్ అప్పటికే ఉంది. ఇటొక కెపాసిటర్, అటొక కెపాసిటర్, మధ్యలో కాయిల్. గీసి చూస్తే గ్రీకు అక్షరం పై (π)లా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1930ల్లో దీన్ని హామ్‌లకు బాగా అలవాటు చేసింది అయోవా రాష్ట్రం సీడర్ ర్యాపిడ్స్‌కు చెందిన ఆర్థర్ కాలిన్స్. కానీ ఆయన చూపించింది యాంటెన్నా కప్లర్‌గా, అంటే ట్రాన్స్‌మిటర్‌ను యాంటెన్నాకు కలిపేదిగా. అది ప్లేటు ట్యాంక్‌గా స్థిరపడటానికి కారణం పవర్ కాదు, పక్కింటి టీవీ.

యుద్ధం ముగిశాక అమెరికాలో టీవీ ఇంటింటికీ వచ్చింది. అక్కడి 2వ ఛానెల్ 54 నుంచి 60 మెగాహెర్ట్జ్ వరకు. 28కి రెండింతలు 56, 14కి నాలుగింతలు కూడా 56. 21ని మూడుతో గుణిస్తే 63, అది 3వ ఛానెల్. అంటే హామ్ బ్యాండ్ల హార్మోనిక్స్, సిగ్నల్‌కు రెండింతలు, మూడింతలు ఫ్రీక్వెన్సీల్లో పుట్టే తోడు తరంగాలు, నేరుగా పక్కింటి తెర మీదే పడ్డాయి. లింక్ కాయిల్‌కూ ట్యాంక్ కాయిల్‌కూ మధ్య ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్ చాలు, హార్మోనిక్స్ దాటిపోవడానికి. పై-నెట్‌వర్క్ అలా కాదు, దాని నిర్మాణమే లో-పాస్ ఫిల్టర్, ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపుతుంది. దానికి తోడు ఇనుప పెట్టె, కోయాక్స్ కేబుల్ వచ్చాయి. 1950లలో రూపం మారిపోయింది. ఒకే కాయిల్, దానికి మధ్య మధ్య తీసిన కనెక్షన్లు (ట్యాప్‌లు), వాటిలో ఒకదాన్ని ఎంచుకునే ఒక స్విచ్. బ్లాకింగ్ కెపాసిటర్ అడ్డం ఉండటంతో కాయిల్ మీద డీసీ ఉండదు. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే? అందుకే అవుట్‌పుట్ నుంచి భూమికి ఒక చోక్, అంటే రేడియో తరంగాన్ని ఆపి డీసీని పోనిచ్చే కాయిల్, పెడతారు. షార్ట్ కాగానే ఫ్యూజు పోతుంది, యాంటెన్నా తీగకు వేల వోల్టులు ఎక్కవు. పాత సెట్టు ఏది కొన్నా నేను ముందు వెతికేది ఆ చోక్‌నే.

సుఖంగా బ్యాండ్ మార్చే ఆ స్విచ్‌తోనే నా సమస్య కూడా వచ్చింది. ప్లేటు 3,000 వోల్టులు, 0.7 ఆంపియర్లు అనుకుందాం. ట్యూబు కోరుకునే లోడ్ దాదాపు 2,500 ఓమ్‌లు. క్యూ, అంటే బయటికి పోయే శక్తితో పోలిస్తే ట్యాంక్‌లో తిరిగే శక్తి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 12 తీసుకోవడం ఆనవాయితీ. మరీ తగ్గితే హార్మోనిక్స్ పెరుగుతాయి, మరీ పెరిగితే కాయిల్ వేడెక్కుతుంది. 2,500ను 12తో భాగిస్తే ప్లేటు వైపు కెపాసిటర్ రియాక్టెన్స్ (ఏసీకి అది చూపే అడ్డు) 208 ఓమ్‌లు. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర అది 218 పికోఫారడ్లు, హాయిగా దొరుకుతుంది. 28 మెగాహెర్ట్జ్ దగ్గర కావలసింది 27 పికోఫారడ్లు మాత్రమే. ట్యూబులవే 10, పూర్తిగా తెరిచినా వేరియబుల్‌లో మిగిలేది 20, వైరింగ్, ఛాసీలవి 15. మొత్తం 45. కెపాసిటర్‌ను ముట్టుకోకముందే క్యూ 20కి చేరింది.

1,300 వాట్ల అవుట్‌పుట్ దగ్గర ట్యాంక్‌లో తిరిగే కరెంటు 80 మీటర్లలో సుమారు 8.7 ఆంపియర్లు, 10 మీటర్లలో 14.4. పైగా ఫ్రీక్వెన్సీ ఎనిమిదింతలైతే కరెంటు లోహపు పైపొరకు ఇంకా అతుక్కుంటుంది, నిరోధం 2.8 రెట్లవుతుంది. రెండూ కలిపితే అదే కండక్టర్‌లో వేడి దాదాపు 8 రెట్లు. స్విచ్ కాలక ఏం చేస్తుంది?

దీనికి మందులు పాతవే. టీవీల్లో వాడే స్వీప్ ట్యూబులతో, తక్కువ వోల్టేజీతో కట్టిన యాంప్లిఫయర్లలో లోడ్ కొన్ని వందల ఓమ్‌లే, కాబట్టి ఈ బాధ తక్కువ. కొందరు ప్లేటుకూ వేరియబుల్‌కూ మధ్య చిన్న కాయిల్ వేసి, ట్యూబు కెపాసిటెన్స్‌ను విడదీస్తారు. 1979 జెనీవా సదస్సులో 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు హామ్‌లకు దక్కాక స్విచ్‌కు పని మరింత పెరిగింది. ఇక హార్మోనిక్స్ సంగతి. 30 మెగాహెర్ట్జ్ లోపు పంపేటప్పుడు అవాంఛిత ఉద్గారాలు అసలు సిగ్నల్ కంటే కనీసం 43 డెసిబెల్స్ కింద ఉండాలని, 2003 జనవరి 1 తర్వాత పెట్టిన ట్రాన్స్‌మిటర్లకు అమెరికా నియమం చెబుతుంది. పై-నెట్‌వర్క్ చివర ఇంకో కాయిల్ చేర్చిన పై-ఎల్ అందుకే అన్ని విధాలా మేలని నా అభిప్రాయం.

నా సెట్టులో మాత్రం ఎయిర్ వేరియబుల్ తీసి, 10 పికోఫారడ్ల దాకా దిగే వాక్యూమ్ వేరియబుల్ పెట్టాను. వైరింగ్ కాస్త కురచ చేశాను. మొత్తం 32కి వచ్చింది, క్యూ 14కి దిగింది. 10 మీటర్ల ట్యాప్‌ను 0.8 మైక్రోహెన్రీల చోటి నుంచి 1.1కి జరిపాను. మూడోసారి వేసిన స్విచ్‌లో ఆ కాంటాక్ట్ మీద వెండి ఇంకా తెల్లగానే ఉంది.