లివర్ ఎంఆర్ఐ: చీటీలో ఏం రాశారు?

"ఎంఆర్ఐ కూడా తీశారు కదా డాక్టర్, ఇక లివర్ సంగతంతా తేలిపోయినట్లేనా?" ఈ మాట తరచూ వింటుంటాను. రేడియాలజిస్టుగా నా జవాబు ఒకటే: ఏం చూడమని పంపారో అదే తేలుతుంది.

అపోహ: లివర్ ఎంఆర్ఐ అంటే ఒకే పరీక్ష.

వాస్తవం: యంత్రం ఒకటే, పరీక్షలు వేరు. కొవ్వు శాతానికి పీడీఎఫ్ఎఫ్ అనే కొలత, ఇనుముకు టీ2 స్టార్ అనే కొలత, గట్టిదనానికి ఎలాస్టోగ్రఫీ, గడ్డలకు కాంట్రాస్టు మందు ఎక్కించి తీసే స్కాన్. కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ కిందే లెక్క. 20 శాతం లోపు కొవ్వు మామూలు అల్ట్రాసౌండ్‌కు చాలాసార్లు చిక్కదు. పదేపదే రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల్లో కాలేయంలో పేరుకున్న ఇనుమును సూది గుచ్చకుండానే కొలవగలుగుతున్నాం. డాక్టర్ రాసిన చీటీ మీద "లివర్ ఎంఆర్ఐ" అని రెండే ముక్కలు ఉంటే మాత్రం సాధారణంగా గడ్డల కోసమే వెతుకుతాం. ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చలు పేరుకుని గట్టిపడటం) కొలత ఆ రిపోర్టులో ఉండదు.

అపోహ: గట్టిదనం ఎక్కువ వస్తే సిర్రోసిస్సే (ఆ మచ్చలు బాగా ముదిరిన దశ).

వాస్తవం: ఎక్కువగా కంగారు పెట్టేది ఇదే. ఎలాస్టోగ్రఫీలో కుడి పక్కటెముకల మీద పళ్లెం లాంటి పరికరం కట్టి, సెకనుకు 60 సార్లు కంపింపజేస్తాం. మీరు ఊపిరి బిగపట్టిన ఆ కాసేపట్లో అలలు కాలేయంలో ఎలా పాకుతున్నాయో యంత్రం పట్టుకుంటుంది. కణజాలం గట్టిపడితే అల వేగం పెరుగుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 1995లో ప్రకటించిన పద్ధతి ఇది. సాధారణంగా గట్టిదనం 2.5 కిలోపాస్కల్ (దాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉంటే మామూలు; 5 దాటితే సిర్రోసిస్ అనుమానం బలపడుతుంది. కానీ హెపటైటిస్ ఉద్ధృతంగా ఉన్నా, గుండె బలహీనపడి రక్తం వెనక్కి నిలిచినా, పైత్యనాళం మూసుకుపోయినా అంకె పెరుగుతుంది. తిన్నా అంతే, కాలేయానికి రక్తప్రవాహం పెరుగుతుంది కనుక. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా రమ్మంటాం. "రెండు ఇడ్లీలేగా" అని ఒప్పించబోయేవారు ఉంటారు; వారినీ కూర్చోబెట్టి ఆపుతాం.

అపోహ: ఇక బయాప్సీతో (సూదితో ముక్క తీసి చేసే పరీక్షతో) పనిలేదు.

వాస్తవం: సూదికి దక్కేది కాలేయంలో సుమారు 50,000వ వంతు ముక్క; ఎంఆర్ఐ అంతకంటే ఎన్నో రెట్ల భాగాన్ని చూస్తుంది. అయితే దెబ్బ ఎంతో చెప్పినంత బాగా, దెబ్బ కొట్టింది ఎవరో చెప్పలేదు. ఆటోఇమ్యూన్ హెపటైటిసా (శరీర రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే జబ్బు), మందుల వల్ల వచ్చిందా అన్న సందేహం మిగిలితే చాలాసార్లు సూక్ష్మదర్శినే తేల్చాలి. పైగా ఇనుము మరీ ఎక్కువైతే స్కాన్‌లో కాలేయం నల్లగా కనిపించి, మామూలు ఎలాస్టోగ్రఫీ విఫలమవుతుంది.

అపోహ: రేడియేషన్ తగులుతుంది.

వాస్తవం: ఎక్స్‌రేలాంటి రేడియేషన్ ఇందులో లేదు. పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పండి.

అపోహ: ఫ్యాటీ లివర్ అనగానే ఎంఆర్ఐ తీయించాలి.

వాస్తవం: ముందు ఫైబ్రోసిస్ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 లెక్క వేయించండి. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (రక్తంలో కొలిచే లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్లు చాలు, ఖర్చు రక్తపరీక్షదే. 1.3 లోపు, 65 ఏళ్లు దాటినవారికి 2 లోపు వస్తే, చాలామందికి నా గది దాకా రావలసిన పనే ఉండదు.