సెప్టెంబర్ 17 తర్వాతి మూడేళ్లు: నల్లగొండ పల్లెల్లో నమ్మకం ఎలా సడలింది

సెప్టెంబర్ 17 దగ్గరపడిందంటే చాలు, నాయకులకు నల్లగొండ త్యాగాలు గుర్తొస్తాయి. కేంద్రం విమోచన దినం అంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో సమైక్యతా దినోత్సవం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. 1948లో ఆ రోజు నిజాం లొంగిపోయిన మాట నిజమే. అయితే సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పల్లెల్లో ఆ రోజుతో తుపాకులు ఆగలేదు. ఇంకో మూడేళ్లు మోగాయి. ఆ మూడేళ్ల ముచ్చట వేదికల మీద ఎవరూ ఎత్తరు. ఎత్తితే దాదాపు అన్ని పార్టీలూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

తెలంగాణ సాయుధ పోరాటం మొదలు అందరికీ తెలిసిందే. వెట్టిచాకిరి, లెవీ ధాన్యం, దేశ్‌ముఖ్‌ల గడీలు. 1944 భువనగిరి సభలో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ పగ్గాలు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి వర్గం చేతికొచ్చాక అది పల్లె జనానికి ఉత్త ‘సంఘం’ అయింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

నిజాం కొమ్ముకాసిన సాయుధ మూక రజాకార్ల కాలంలో ఊళ్లు ఎలా బతికాయో బైరాన్‌పల్లి చూస్తే తెలుస్తుంది. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి నడుమ పాత బురుజు. దాని మీద రాత్రింబవళ్లు కాపలా. దుమ్ము లేవడం కనబడితే నగారా మోగేది. వడిసెలలు, బర్మార్లనే నాటు తుపాకులు, కారం పొడి, రోకళ్లు, ఎవరికి ఏది దొరికితే అది పట్టుకొని వచ్చేవాళ్లు. వచ్చిన రజాకార్లను అలా ఒకటికి రెండుసార్లు తరిమికొట్టారు. చివరికి 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం బలగాలతో కలిసి ఊరిని చుట్టుముట్టి, బురుజును ఫిరంగితో పగలగొట్టి, దొరికిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. ఒక్కరోజులో తొంభై మందికి పైగా చనిపోయారు. ఇంకో మూడు వారాలు గడిస్తే నిజాం లొంగిపోయేవాడే!

అంత నరకంలోనూ జనానికి ఒక సంగతిలో అనుమానం లేదు: ఎదుటివాడు ఎవడో తెలుసు, తమవాడు ఎవడో తెలుసు. నాయకులు తమతోపాటే పొలాల్లో పడుకుంటున్నారు. చిక్కు ఆ తర్వాత వచ్చింది.

భారత యూనియన్ సైన్యం వచ్చినప్పుడు చాలా ఊళ్లు సంబరపడ్డాయి. రజాకార్ల పీడ విరగడైంది మరి. కానీ కొద్ది రోజుల్లోనే ఆ సైన్యమే సంఘపోళ్ల కోసం ఊళ్లలో క్యాంపులు పెట్టింది. పట్నం పారిపోయిన దొరలు కాంగ్రెస్ ఖద్దరు టోపీలు పెట్టుకొని దాని వెనకే దిగారు. పంచిన భూముల్లో కొన్ని మళ్లీ వాళ్ల చేతికి పోయాయి. ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాల మీద కూడా ఆ రోజుల్లో దాడులు జరిగాయి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఈ హత్యల మీద రాసిన నివేదికలో నల్లగొండ పేరూ ఉంది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

క్యాంపు ఉన్న ఊళ్లో బతుకంటే ఇదీ. రాత్రి సంఘపోళ్ల సాయుధ దళం వస్తుంది, అన్నం అడుగుతుంది. పెట్టకుండా ఎలా ఉంటారు, మన పిల్లలే కదా. తెల్లారకముందే మిలిటరీ ఊరిని చుట్టేస్తుంది. మగవాళ్లందరినీ చావడి దగ్గర కూర్చోబెట్టి ఎవరి ఇంట్లో వండారో చెప్పమని కొడతారు. ఆ సమయంలో ఆడవాళ్లు ఇళ్లలో ఒంటరిగా ఉంటారు. చేనుకు సద్ది పట్టుకుపోయినా అనుమానమే. మైదానంలో నిలవడం కష్టమై దళాలు నల్లమలకు, గోదావరి అడవులకు తరలిపోయాయి. దళాలైతే పోగలిగాయి. దున్నుకునే భూమీ, కట్టేసిన బర్రే ఉన్న ఊరు ఎక్కడికి పోతుంది?

ఇక్కడ జనం ఈ దెబ్బలు తింటుంటే అక్కడ నాయకులు పంథా మీద కొట్లాడుకుంటున్నారు. 1948 కలకత్తా మహాసభతో రణదివే చేతికొచ్చిన కమ్యూనిస్టు పార్టీ పట్టణాల సమ్మెలు, తిరుగుబాటు అంది. ఆంధ్ర నాయకత్వం చైనా దారి, అంటే పల్లెల నుంచి గెరిల్లా పోరు అంది. సైన్యం వచ్చాక తుపాకి పట్టడం తప్పని రావి నారాయణరెడ్డి వాదించాడు. ఇన్నాళ్ల త్యాగాన్ని నడిమధ్యలో వదిలేస్తామా అని తుపాకి పట్టినవాళ్లు అడిగారు. 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. అక్టోబర్ 21న పార్టీ పోరాటాన్ని విరమించింది. ఆపడం సరైనదేనని నాకు అనిపిస్తుంది. కానీ మొదలుపెట్టేటప్పుడు ఊరూరా అడిగినవాళ్లు, ఆపేటప్పుడు ఏ ఊరినీ అడగలేదు.

అయినా కొన్ని నెలలకే వచ్చిన మొదటి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ ఏం చేసిందో చూడండి. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి కమ్యూనిస్టులు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి, దేశంలోనే అవి రికార్డు. దీన్ని నాయకుల మీద చెక్కుచెదరని నమ్మకానికి సాక్ష్యంగా చెబుతుంటారు. నేనైతే అంత దూరం పోను. ఎదురు నిలబడింది దొరల పార్టీ అయినప్పుడు వేరే ఓటు ఎవరికి వేస్తారు? ఆ మెజారిటీలో క్యాంపులో తిన్న దెబ్బల కోపం కూడా ఉంది. 1964లో పార్టీ చీలినప్పుడు నాయకుల మధ్య తేడా బయటపడింది. రావి నారాయణరెడ్డి సీపీఐలో ఉండిపోయాడు, దళాలు నడిపిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి సీపీఎం వైపు వెళ్లాడు. అమరుల స్థూపాలు ఎవరివన్న పేచీ మొదలైంది.

ఇక భూమి సంగతి. పోరాటం ఇంకా నడుస్తుండగానే, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చాడు. అక్కడి హరిజనులు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. దేశమంతా భూదానం మొదలైంది. ఆ పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉంది, అప్పటికి క్యాంపులు ఎత్తేయనూ లేదు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చింది, కానీ కాగితం మీది హక్కును పొలం మీదికి తెచ్చుకోలేక తరాలు గడిపిన కుటుంబాలు ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల రేట్లు పెరిగాక భూదాన్ భూములే చేతులు మారి కోర్టులకెక్కాయి. పట్టా ఇప్పిస్తానని వచ్చిన నాయకుడికి ఈ జిల్లాలో ఓటు పడుతుంది. పాస్‌బుక్ చేతికొచ్చేదాకా అతని మాట మాత్రం ఎవరూ పట్టించుకోరు.