ఎస్టీడీ బూత్ నుంచి కాలనీ గ్రూపు దాకా

విజయవాడలో ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటోంది. అందులో అన్న మాట స్క్రీన్‌షాట్‌గా బయటికొచ్చి గొడవైతే ముందు వినిపించేది ఒకటే: "మనలో మనం అనుకున్నదేగా!" ఈ ధీమా పాతదే.

1990ల్లో గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా ఎస్టీడీ బూత్‌కి అద్దాల తలుపుండేది. లోపల మనిషి కనిపిస్తాడు, మాట వినిపించదు. అమెరికాలో గోప్యత చట్టాన్ని మలుపు తిప్పిందీ ఇలాంటి బూతే. దాని బయట పరికరం అమర్చి ఎఫ్‌బీఐ మాటలు విన్న కాట్జ్ కేసులో, 1967లో అక్కడి సుప్రీంకోర్టు ఆ మాటలకు రక్షణ ఉందంది. తెలిసీ జనం ముందు పెట్టినదానికి మాత్రం లేదని అదే తీర్పులో చెప్పింది.

తర్వాత నెట్ సెంటర్ల కాలం. యాహూ చాట్‌రూమ్‌లో మారుపేరుతో కూర్చుంటే అవతలివాళ్లకు మనమెవరో తెలీదు. కుర్చీ కోసం వెనక నిలబడ్డవాడికి మాత్రం అంతా కనిపించేది. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు ఇంకో అడుగు వేశాయి: గుర్తింపు కార్డు చూపాలి, కేఫ్ వాళ్లు ఆ వివరాలు ఏడాది భద్రపరచాలి, క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. గోడ ఎత్తు కూడా సర్కారే కొలిచిందన్నమాట!

స్మార్ట్‌ఫోన్ ఈ లెక్కను తిరగేసింది. వెనక ఎవరూ లేరు గానీ, గ్రూపులో మారుపేరు పెట్టుకున్నా ఫోన్ నంబరు దాగదు. 2016లో వాట్సాప్ అందరికీ ఇచ్చిన ఎన్‌క్రిప్షన్, అంటే మెసేజ్‌ని బయటివాళ్లు చదవలేని సంకేతంగా మార్చడం, దారిలో వినేవాణ్ని ఆపుతుంది, గ్రూపులో కూర్చున్నవాణ్ని కాదు. ఈ తేడా చాలామందికి పట్టలేదు.

మన కోర్టుల దారి వేరు. బ్యాంకుల్లోని పత్రాలను అధికారులు తనిఖీ చేసేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన స్టాంపుల చట్ట సవరణను 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. గోప్యత మనిషికి గానీ చోటుకి కాదని, పత్రం బ్యాంకు చేతికెళ్లినంత మాత్రాన అది పోదనీ అంది. 2017లో పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జిలు దాన్ని ప్రాథమిక హక్కుగా ఖాయం చేశారు.

అయితే 2023 డేటా రక్షణ చట్టం, ఎవరికి వారు బహిరంగంగా పెట్టిన సమాచారాన్ని తన పరిధి నుంచి తీసేసింది. సొంత, ఇంటి అవసరాలకు వాడుకోవడాన్నీ వదిలేసింది. అంటే పక్క ఫ్లాట్ ఆయన మన మెసేజ్‌ని బావమరిదికి పంపితే ఈ చట్టం పట్టించుకోదు. ఏ కంపెనీయో గ్రూపులోంచి నంబర్లు ఏరుకుంటే సంగతి వేరు. కాకపోతే 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు కంపెనీలకు 18 నెలల గడువిచ్చాయి. ఆ తర్వాతైనా వాళ్ల జవాబు ఊహించొచ్చు: లింకు ఉన్న ప్రతివాడూ చేరే గ్రూపులో నంబరు పెట్టింది మీరేగా అని.