పెన్ను ఇంకు ఎందుకు కక్కుతుంది?

ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "రెండొందలు పెట్టి ఇంకు పెన్ను కొన్నాను. నిండా పోసినప్పుడు హాయిగా రాస్తోంది. సగం అయిపోయాక బొట్లు బొట్లుగా కక్కుతోంది. పెన్ను మంచిది కాదంటారా?"

పెన్ను మంచిదే. కక్కిస్తున్నది ఇంకు ఖాళీ చేసిన జాగాలో చేరిన గాలి. ఆ గాలి సంగతి తెలిస్తే రెండొందల పెన్నుతోనూ చొక్కా పాడవకుండా ఏళ్ల తరబడి రాసుకోవచ్చు.

క్యాప్, గొట్టం, పాళీ అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా నాలుక దగ్గరికి వెళ్దాం. పాళీ కింద నల్లగా, చేప పొట్టలా కనిపించే ముక్కే నాలుక. అసలు పనంతా దానిదే. దాని వీపు మీద సన్నటి కాలువ ఒకటి ఉంటుంది, ఆ కాలువ అడుగున ఇంకా సన్నటి గీతలు ఒకటో రెండో ఉంటాయి. గీతల్లోంచి ఇంకు కిందికి వస్తుంది, కాలువలోంచి గాలి పైకి పోతుంది. వచ్చేదానికీ పోయేదానికీ వేరువేరు దారులు ఇవ్వాలన్న ఈ ఏర్పాటుకే 1884లో న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. నేటి చవక పెన్నుల్లోనూ ఉన్నది ఆ ఏర్పాటే.

ఇది పెన్నులో కంటికి కనబడదు. కళ్లారా చూడాలంటే ఇంట్లో బోర్లించిన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ చాలు. క్యాన్ మూతి కిందికే ఉంది, నీళ్లు బరువుగా ఉన్నాయి, అయినా కింది కుండ పొర్లిపోదు. కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంటే కుండలో మట్టం తగ్గుతుంది, క్యాన్ మూతి బయటపడుతుంది, ఒక బుడగ "బుడుంగ్" మంటూ పైకి పోతుంది. బుడగ ఎంత పోతే అంత నీరు దిగుతుంది. మూతి మళ్లీ నీళ్లలో మునగగానే ఆగిపోతుంది. పైనున్న గాలి బయటి గాలికంటే కాస్త తక్కువ పీడనంలో ఉండి నీటిని పట్టుకుని ఉంటుంది.

పెన్నులో గొట్టమే క్యాను, నాలుకే కుండ, కాగితం మీద మీరు గీసే గీతే కుళాయి. లోపల ఐదు సెంటీమీటర్ల ఎత్తున ఇంకు ఉంటే, దాన్ని ఆపడానికి లోపలి గాలి పీడనం బయటికంటే అర శాతం తక్కువైతే సరిపోతుంది. వాతావరణ పీడనం పది మీటర్ల నీటి ఎత్తుకు సమానం కదా, అందులో ఐదు సెంటీమీటర్లంటే అర శాతమే. అక్షరం రాసిన కొద్దీ ఇంకు బయటికొస్తుంది, కంటికి ఆనని బుడగలు పైకి పోతుంటాయి.

ఇప్పుడు ఆ క్యాన్ సగం ఖాళీ అయి, కిటికీ పక్కన ఎండ తగిలేచోట ఉందనుకోండి. పొద్దున 25 డిగ్రీలున్న లోపలి గాలి 30కి చేరింది. వేడికి గాలి 1.7 శాతం వ్యాకోచిస్తుంది. బడిలో చెప్పే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ఆ గాలి పొడిగాలి కాదు, నీటిని ఆనుకుని ఉన్న తడిగాలి. 25 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 32 మిల్లీబార్లు, 30 దగ్గర 42. వాతావరణ పీడనం దాదాపు వెయ్యి మిల్లీబార్లు కాబట్టి ఆ పది మిల్లీబార్ల తేడా ఇంకో ఒక శాతం పెంపు తెస్తుంది. రెండూ కలిపితే 2.7 శాతం పైచిలుకు. పది లీటర్ల గాలికి ఇది పావు లీటరు మించుతుంది, అంటే కుళాయి తిప్పకుండానే గ్లాసుకు పైగా నీళ్లు కుండలోకి దిగుతాయి. కుండ అంచుదాకా నిండి ఉంటే నేల తడుస్తుంది.

పెన్నులో జరిగేదీ ఇదే. ఫిల్లరుతో నేరుగా గొట్టంలో ఇంకు పోసే పెన్నులో మూడు మిల్లీలీటర్లు పడతాయి. నిండా పోసి అర మిల్లీలీటరు గాలి మిగిలితే, ఐదు డిగ్రీల వేడికి బయటికి నెట్టుకొచ్చే ఇంకు 0.014 మిల్లీలీటర్లు. చుక్క అంటే దాదాపు 0.05 మిల్లీలీటర్లు కాబట్టి ఇది పావు చుక్కే. నాలుక పక్కన దువ్వెన పళ్లలాంటి గాట్లు చూశారా? అవి అందానికి పెట్టినవి కావు. ఇలా పొంగొచ్చిన ఇంకును పట్టి ఉంచి, రాసేటప్పుడు తిరిగి ఇవ్వడమే వాటి పని. పావు చుక్కను అవి సులువుగా దాచుకుంటాయి. ఇంకు అయిపోవచ్చి రెండున్నర మిల్లీలీటర్ల గాలి చేరినప్పుడు అదే ఐదు డిగ్రీలకు చుక్కన్నర దిగుతుంది. గాట్లు నిండిపోతాయి, మిగిలింది పాళీ మీంచి కాగితం మీదికి. పాఠకుడి ప్రశ్నకు జవాబు ఈ చుక్కన్నరే.

ఈ లెక్క ఇంకొంచెం ముందుకు నడిపిస్తే వింతగా తోచే సంగతి ఒకటి బయటపడుతుంది. మే నెలలో విజయవాడలో గది 36 డిగ్రీలు, చెయ్యీ దాదాపు అంతే. కాబట్టి పట్టుకున్నంత మాత్రాన పెన్ను వేడెక్కదు, కక్కదు. డిసెంబరులో ఆదిలాబాద్ పొద్దుల్లో 15 డిగ్రీల చలిలో ఉన్న పెన్ను చేతిలోకి తీసుకుంటే కాసేపటికి 28 దాకా పోతుంది. పొడిగాలి వాటా నాలుగున్నర శాతం, ఆవిరి వాటా రెండు శాతం. ఖాళీ అవుతున్న పెన్నయితే మూడు చుక్కలు. ఏసీ గదిలోంచి బయటి వేడిలోకి తెచ్చి రాసే పెన్నుకూ ఇదే గతి. ఇక విశాఖ నుంచి అరకు వెళ్తే ఎత్తు దాదాపు 900 మీటర్లు పెరిగి బయటి పీడనం పది శాతం తగ్గుతుంది. అదే రెండున్నర మిల్లీలీటర్ల గాలి అక్కడ ఐదారు చుక్కలు నెడుతుంది. విమానంలో పీడనం నాలుగో వంతు తగ్గుతుంది కాబట్టి అమెరికా వెళ్లేవాళ్లు పెన్నును పూర్తిగా నింపైనా తీసుకెళ్లాలి, పూర్తిగా కడిగైనా తీసుకెళ్లాలి. సగం ఇంకుతో మాత్రం వద్దు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాళీ పైకే ఉండాలి.

పాళీ పైకి ఉంటే నాలుకను ఆనుకుని ఇంకు ఉండదు, గాలి ఉంటుంది. పొంగిన గాలి తన దారిన తాను పోతుంది. ఇంట్లో చెయ్యాల్సిందీ ఇదే. చలి పొద్దున రాయబోయే ముందు క్యాప్ తీసి, పాళీ పైకి పెట్టి, గొట్టాన్ని పిడికిట్లో ఒక నిమిషం పట్టుకోండి. వెచ్చబడి పెరిగిన గాలి బయటికి పోతుంది. అప్పుడు తిప్పి రాయండి. మూడో వంతుకు వచ్చినప్పుడే మళ్లీ పోసుకోవడం రెండో జాగ్రత్త. ఈ రెండూ పాటిస్తే అద్దుడు కాగితమూ సుద్దముక్కా వెతుక్కునే పని చాలావరకు తగ్గుతుంది.

రాజమండ్రి పెన్నుల గొప్పతనం కొంత ఇక్కడే ఉంది. గాంధీజీ స్వదేశీ మాట మీద కోసూరి వెంకటరత్నం గారు పెన్ను చేసి పంపడం, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయమని గాంధీజీ 1935లో ఉత్తరం రాయడం తెలిసిన చరిత్రే. ఆ పెన్నుల గొట్టాన్ని లేత్ మీద ఎబొనైట్ కడ్డీ తొలిచి చేస్తారు. ఎబొనైట్ అంటే గంధకం బాగా ఎక్కించి గట్టిపరిచిన రబ్బరు. దాని గోడ మందం, వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. ఇత్తడి గొట్టం క్షణాల్లో చేతి వేడిని లోపలికి చేరవేస్తే, ఎబొనైట్ దాన్ని తాపీగా అందిస్తుంది, ఈలోగా మీరు రాస్తూ ఆ కాస్త పొంగునూ వాడేసుకుంటారు. ఎబొనైట్ నాలుకను ఇంకు బాగా తడుపుతుంది కూడా. ఒక్కటే జాగ్రత్త: వేడినీళ్లలో కడగకూడదు, ఎండలో పెట్టకూడదు. నల్లటి నిగారింపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది.

గాలి గొడవ వద్దనుకునేవాళ్లకు కన్వర్టరు పెన్ను మేలు. కన్వర్టరు అంటే పాళీ వెనక తగిలించే, సీసాలోంచి ఇంకును పీల్చుకునే చిన్న గొట్టం. అందులో మామూలుగా పట్టేది అర నుంచి ఒక మిల్లీలీటరే. పూర్తిగా ఖాళీ అయినా పొంగడానికి పెద్దగా గాలి ఉండదు. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా అదే.

కొట్లో చూడాల్సినవి ఎక్కువేం లేవు. పాళీని వెలుతురుకు ఎదురుగా పట్టి చీలిక చూడండి. నడుమ రంధ్రం దగ్గర వెడల్పుగా మొదలై కొసకు వచ్చేసరికి వెంట్రుక కంటే సన్నబడాలి. దీనికి కారణం ఉంది. ఇంకు ఎప్పుడూ వెడల్పు సందులోంచి ఇరుకు సందులోకే పాకుతుంది. పదో వంతు మిల్లీమీటరు సందు ఇంకును పది సెంటీమీటర్ల దాకా లాగి నిలపగలదు, అందులో సగం సందు దానికి రెట్టింపు ఎత్తు. గొట్టం కంటే నాలుక ఇరుకు, నాలుక కంటే చీలిక, చీలిక కంటే కాగితపు నారల మధ్య ఖాళీలు ఇరుకు. ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని ఎక్కినట్టు ఇంకు ఈ మెట్లు దిగుతుంది. పాళీ కొస విచ్చుకుని ఉందంటే ఒక మెట్టు ఊడినట్టే. ఎంత విదిలించినా రాయదు. బాల్‌పెన్ అలవాటుతో నొక్కి రాసేవాళ్ల పాళీలు ఇలాగే చెడతాయి. పెన్ను దాని బరువుతోనే రాయాలి, చెయ్యి దారి చూపిస్తే చాలు.

రెండోది క్యాప్. దాని మూతి మీద పెదవులు ఆనించి మెల్లగా ఊదండి. గాలి ఎక్కడినుంచైనా జారితే రాత్రికి రాత్రే పాళీ ఎండిపోతుంది. చవకలో ఈ విషయం బాగా పట్టించుకున్నది జపాను ప్లాటినం వారి ప్రెపీ. క్యాపు లోపల స్ప్రింగుతో ఇంకో చిన్న మూత పెట్టారు.

మూడోది గీత మందం. తెలుగులో నిలువు అడ్డ గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. పైగా కింద ఒత్తులు. మందపు పాళీతో రాస్తే "క్ష", "ఝ", "ఘ" కడుపులు పూడిపోతాయి. జపాను ఫైన్ పాళీ గీత యూరపు ఫైన్ కంటే సన్నం, ఒత్తులకు అదే సుఖం. అయితే చెయ్యి అన్ని దిక్కులకూ తిరుగుతుంది కాబట్టి కొట్లో సంతకం చేసి చూస్తే చాలదు, ఒక సున్నాను ఎడమకూ కుడికీ నాలుగుసార్లు చుట్టి చూడండి. ఒకవైపే గరగరలాడితే రెండు కొసల్లో ఒకటి పైకి లేచినట్టు. పైన ఉన్నదాన్ని గోటితో మెల్లగా కిందికి రెండుమూడుసార్లు నొక్కితే సర్దుకుంటుంది. గచ్చు మీదో నాపరాయి మీదో రుద్దడం మాత్రం వద్దు. కొసన ఉన్న గట్టి లోహపు పూస అరిగిపోతే ఇక ఏ వైద్యమూ లేదు.

"నా పాళీ నా చేతికి అలవాటైంది, ఎవరికీ ఇవ్వను" అనే పట్టింపులో కొంత నిజముంది. పూస లేని ఉక్కు పాళీ మీరు పట్టే కోణానికి తగ్గట్టు అరుగుతుంది. పూస ఉన్నవాటిలో ఆ అరుగుదలకు ఏళ్లు పడుతుంది, కాబట్టి స్నేహితుడికి ఒక సంతకానికి ఇస్తే ఏమీ కాదు. పరీక్షకు ముందు కొత్త పెన్నుకు పసుపు కుంకుమ పెట్టేవాళ్లు క్యాపు మీదే పెట్టండి. పాళీ మీద పడిన పసుపు పొడి చీలికలో ఇరుక్కుంటుంది.

కొత్త పెన్ను తెచ్చాక ముందు కడగాలి. తయారీలో అంటిన నూనె ఉంటే ఇంకు నాలుకను తడపదు, పైన చెప్పిన మెట్లన్నీ అక్కడే తెగిపోతాయి. గ్లాసుడు మామూలు నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి, పాళీని ముంచి పదిసార్లు లాగి వదలండి. తర్వాత మంచినీళ్లతో నురుగు పోయేదాకా. ఫిల్లరుతో ఇంకు పోసే పెన్నయితే గొట్టం మరలకు ఆవగింజంత సిలికాన్ గ్రీజు రాయాలి. కొబ్బరినూనె, వాజెలిన్ వద్దు. నూనె ఇంకులో కలుస్తుంది, వాజెలిన్ రబ్బరు రింగులను ఉబ్బిస్తుంది.

ఇంకు విషయంలో ఇంకు పెన్నుల కోసం చేసిందే పొయ్యండి. డ్రాయింగుకు వాడే ఇండియన్ ఇంకులో లక్క ఉంటుంది, నాలుకలో ఒకసారి ఎండితే రాయే. సీసా అడుగున మిగిలిన ఇంకులో నీళ్లు కలపడం పాత అలవాటు. రంగు ఒక్కటే పలచబడితే పోన్లే అనుకోవచ్చు, బూజు పట్టకుండా కలిపిన మందు కూడా పలచబడి నెలకల్లా సీసాలో తీగలు సాగుతాయి. రాయల్ బ్లూ నీళ్లు తగిలితే పోతుంది, చొక్కాకు మంచిదే, దస్తావేజుకు కాదు. పదిహేను రోజులు రాయరనుకుంటే ఇంకు తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పాళీని అద్దుడు కాగితం మీద ఒక రాత్రి నిలబెట్టండి. నాలుకలో దాగిన నీటిని కాగితమే లాగేస్తుంది.

ఇంత చేశాక రాసేటప్పుడు భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి. కాస్త నున్నటి కాగితం మీద "శ్రీ" రాసి వెంటనే చూడండి. గీత మొదట ఉబ్బెత్తుగా, తడిగా మెరుస్తుంది. మెల్లగా ఆ మెరుపు చచ్చిపోతుంది, అంచులు నడిమికంటే ముదురవుతాయి. అంచు దగ్గర పొర పలుచన, నీరు త్వరగా ఎగిరిపోతుంది. ఆ లోటు తీర్చడానికి నడుమ నుంచి ఇంకు అంచుకు పారుతూ రంగును వెంట మోసుకెళ్లి అక్కడ దింపుతుంది. బల్ల మీద ఆరిన కాఫీ మరకకు అంచు గట్టిగా కనిపించేదీ ఇందుకే. వంపు ముగిసి చెయ్యి ఆగిన చోట ఇంకు కాస్త ఎక్కువ దిగుతుంది కాబట్టి "శ్రీ" తోక చివర నీలం ముదిరి, మొదట్లో లేతగా ఉంటుంది. బాల్‌పెన్ గీతలో ఈ రెండు నీలాలూ కనిపించవు.